వ.కి మూడు రూపాయలు

రేకు పెట్టె మూత తుప్పుకి బిగుసుకుపోయింది.
అట్లకాడ దూర్చి లేపితే
ముందు కర్పూరం వాసన, తర్వాత వశిష్ఠ వాసన.
ఎనభై ఆరు వరద నీళ్లు
అడుగున ఇంకా ఆరలేదా అనిపించింది.

మామ్మ పెట్టె.
నరసాపురంలో పేరంటాలంటే లేసుకి పెట్టిన చెయ్యని
షావుకారు గుమస్తాలే అనేవారట.
నాకు తెలిసిన మామ్మ మాత్రం
కిటికీ దగ్గర కూర్చున్నా చూపు ఆనక
వేళ్లతోనే గొలుసులు లెక్కపెట్టుకునే మనిషి.

కొక్కెం సూదులు మూడు, ఒకటి వంగింది.
నలభయ్యో నంబరు దారం ఉండ, టీ రంగుకి తిరిగింది.
సఖినేటిపల్లి పంటు చీటీ ఒకటి, దేనికి దాచిందో.
లేసు లెక్కల పుస్తకం.
దాని మధ్యలో ఫోటో.

స్టూడియో తెర మీద ఎవరో గీసిన మేడమెట్లు.
ముందు కుర్చీలో మామ్మ, పద్దెనిమిదేళ్లుంటాయేమో,
కొత్త చీర గంజి ఇంకా విరగలేదు.
పక్కన మనిషి లేదు.

ఒక్క ఊపున కోసింది కాదు.
లేసు కత్తెరతో, చిన్న చిన్న కాట్లుగా,
కుచ్చెళ్ల పక్కనుంచి, కుర్చీ కోడు వెంబడి పైకొచ్చి
భుజం దగ్గర ఆగిపోయింది.
అక్కడ ఆ మనిషి చెయ్యి ఉంది.
చెయ్యి తీసెయ్యాలంటే తన భుజం కొయ్యాలి.
మామ్మ కొయ్యలేదు.

రెండు గాజులు. మణికట్టు దాకానే మనిషి.
నాన్న భూతద్దం తెచ్చి చూశాను.
చిటికెన వేలు పక్కన
చిక్కుడు గింజంత ఇంకో వేలు.

నా ఎడం చేతి అంచున కందిబద్దంత మచ్చ.
పుట్టిన పదకొండో రోజున
మామ్మే లేసు దారం బిగించి కట్టిందట,
అయిదు రోజులకి రాలిపోయిందట.
"మా వైపూ లేదు, మీ వైపూ లేదు,
ఎవరి పోలికో దేవుడికి తెలియాలర్రా" అని
అడక్కుండానే వీధిలో అందరికీ చెప్పుకొచ్చిందట.

పుస్తకం తెరిచాను.
డజను పువ్వులు ఇంతకి, అంచు గజం ఇంతకి,
మాసిందని కోత పావలా.
ప్రతి నెలా చివర, వేరే సిరాతో,
"వ.కి మూడు రూపాయలు".
తాతయ్య మంచం పట్టిన ఏడూ మూడే.
బియ్యం అప్పు రాసుకున్న నెలా మూడే.
ఒక్కసారి అయిదు. పక్కన "పురిటికి" అని రాసి
కొట్టేసింది, చదవగలిగేటంత తేలిగ్గా.
అరవై తొమ్మిది గాలివాన తర్వాత
లెక్కలున్నాయి, వ. లేదు.

నాన్నని అడిగాను.
ఫోటో చాలాసేపు చూశాడు.
"వ అంటే వడ్డీ అయ్యుంటుంది" అన్నాడు.
కాసేపాగి "వడ్లేమో" అన్నాడు.
కళ్లజోడు పంచెతో తుడుచుకుని
మందులేసుకోవాలని లోపలికెళ్లిపోయాడు.

వల్లి, వజ్రం, వరహాలు, వనజ...
ఆ రాత్రి ఒక్కో పేరూ పిలిచి చూశాను.
ఏ పేరుకీ ఆ చెయ్యి కదల్లేదు.
పంటు చీటీ మీద తేదీ చెరిగిపోయింది.
మామ్మ అటు వెళ్లిందో, ఆవిడే ఇటొచ్చి వెళ్లిందో,
రేవు అటైనా ఇటైనా ఒకటే రేటు తీసుకుంటుంది.
ఆ పురిట్లో పుట్టినవాళ్లకి ఇప్పుడు అరవై ఉంటాయి.
సఖినేటిపల్లి సంతలో నా పక్కనే నిలబడి
వంకాయలు బేరమాడారేమో.
చేతులు చూడాలని నాకు తట్టలేదు.

పొద్దున్నే స్టూడియోకి పట్టుకెళ్లాను.
కుర్రాడు స్కాన్ చేసి తెర మీద పెద్దది చేశాడు.
"మామ్మగారు బాగున్నారండీ.
ఈ చెయ్యొక్కటే అడ్డంగా ఉందండి,
తీసెయ్యమంటారా? అరనిమిషం పని."

వద్దన్నాను.
"పోనీ ఎంత సైజు తియ్యమంటారండి?"

ఎడం చెయ్యి బల్ల మీద పరిచాను,
మచ్చ చూపించడానికి కాదు, కొలతకి.
ఆ చెయ్యి ఇంత రావాలన్నాను.